అమ్మ గాల్ బ్లాడర్ బయాప్సీ: మొదటి రిపోర్టులో ఒక పేరు, రెండోదాంట్లో ఇంకో పేరు. ఏది నిజం?

1 | కొల్లూరు కుర్రాడు | సోమవారం, రాత్రి 10.20

అందరికీ నమస్కారం. ఇక్కడ ఏడాదిగా చదవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడు రాయాల్సొచ్చింది.

మా అమ్మకి 63. రెండేళ్లుగా భోంచేశాక కుడి డొక్కలో నొప్పి, వీపు దాకా లాగేది. గ్యాసనుకుని మాత్రలు మింగి పడుకునేది. సంక్రాంతికి అరిసెలు తిన్న రాత్రి వాంతులు ఆగలేదు. స్కాన్ తీయిస్తే గాల్ బ్లాడర్‌లో రాళ్లు, అడుగున గడ్డకట్టిన బురద ఉందన్నారు. ల్యాప్రోస్కోపీలో తీసేశారు, మూడో రోజుకి ఇంటికొచ్చేసింది. రాళ్లు ఓ ప్లాస్టిక్ సీసాలో పోసి ఇచ్చారు. పదిహేడు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ సీసా ఊపి మరీ చూపిస్తోంది.

పన్నెండో రోజున బయాప్సీ రిపోర్టు వచ్చింది. ‘పూర్లీ డిఫరెన్షియేటెడ్ అడినోకార్సినోమా’ అని ఉంది. కింద ఐహెచ్‌సీ పరీక్ష (కణాల రకం తేల్చడానికి ముక్కకి ప్రత్యేకమైన రంగులు వేసి చూసేదట) చేయించమని రాశారు. చేయిస్తే మొన్న శనివారం రెండోది వచ్చింది. అందులో ‘కార్సినోసార్కోమా’ అని ఉంది. ఆపరేషన్ చేసినాయన రెండూ చూసి, ‘ఇది మన దగ్గరయ్యే పని కాదు, క్యాన్సర్ డాక్టర్ని కలవండి’ అని ఫైలు చేతిలో పెట్టాడు.

ఒకే మనిషికి రెండు క్యాన్సర్లా? మొదటి ల్యాబ్ వాళ్లు తప్పు చూశారా, రెండో వాళ్లా? ఈ పేరు నెట్‌లో కొడితే రాత్రంతా నిద్ర పట్టలేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు.

2 | నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 10.41

రిపోర్టు ఫోటో పెట్టకండి, అమ్మగారి పేరూ నంబరూ కనిపిస్తాయి. ముఖ్యమైన లైన్లు టైపు చేయండి చాలు. ఇక్కడ పాథాలజీ వాళ్లు, సర్జన్లు ఒకరిద్దరు ఉన్నారు, చూస్తారు.

3 | కొల్లూరు కుర్రాడు | సోమవారం, రాత్రి 11.05

టైపు చేస్తున్నా, తప్పులుంటే మన్నించండి.

మొదటిది: ఫండస్ (గాల్ బ్లాడర్ అడుగు) భాగంలో లోపలికి పెరిగిన 4 సెంటీమీటర్ల గడ్డ. పూర్లీ డిఫరెన్షియేటెడ్ అడినోకార్సినోమా. స్పిండిల్ కణాలున్న భాగాలు కూడా కనిపించాయి. సిస్టిక్ డక్ట్ (గాల్ బ్లాడర్ గొట్టం) అంచులో క్యాన్సర్ లేదు. లింఫు గ్రంథులు పంపలేదు. బ్లాకులు 3.

రెండోది: అదనంగా ముక్కలు తీశాం. గ్రంథుల భాగంలో సైటోకెరాటిన్ పాజిటివ్, స్పిండిల్ భాగంలో నెగెటివ్. స్పిండిల్ భాగంలో వైమెంటిన్ పాజిటివ్. ఒకచోట ఆస్టియాయిడ్. కార్సినోసార్కోమా, పీటీ2బీ. బ్లాకులు మొత్తం 11.

సీఏ 19-9 అని క్యాన్సర్ గుర్తు చూసే రక్తపరీక్ష ఆపరేషన్ తర్వాత చేయించాం, 14 వచ్చింది.

4 | డల్లాస్ బాబాయ్ | సోమవారం, రాత్రి 11.30

సీఏ 19-9 14 అంటే నార్మల్ కదా తమ్ముడూ, 37 దాకా పర్లేదంటారు. ల్యాబ్ వాళ్లే ఎక్కడో తికమక పడ్డారేమో. మా ఆఫీసులో ఒకాయనకి ఈ క్యాన్సరే, వేలల్లో ఉండేది. కంగారు పడకు.

5 | స్లైడుకింద | మంగళవారం, ఉదయం 6.15

నేను పాథాలజిస్టుని. పొద్దున్నే డ్యూటీకి వెళ్లే ముందు రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

బాబూ, రెండు రిపోర్టులూ నిజమే. మొదటివాళ్లు తప్పు చూడలేదు, సగం చూశారు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు, అందుకే స్పిండిల్ కణాలున్నాయని రాసి ఐహెచ్‌సీ అడిగారు. ఆ ఒక్క వాక్యం రాయకుండా వదిలేసే రిపోర్టులు వారానికోసారైనా నా బల్ల మీదికొస్తాయి. ఆ ల్యాబ్‌ని తిట్టుకోవద్దు.

మన ఒంట్లో కణజాలాన్ని మోటుగా రెండు రకాలనుకోండి. లోపలి పొరలు, గ్రంథులు ఒక రకం. అక్కడ పుట్టే క్యాన్సర్ కార్సినోమా. కండరం, ఎముక, మృదులాస్థి లాంటివి ఇంకో రకం. అక్కడ పుట్టేది సార్కోమా. గాల్ బ్లాడర్ క్యాన్సర్లలో నూటికి ఎనభై తొంభై దాకా మొదటి రకమే, గ్రంథుల అడినోకార్సినోమా. ఒకే గడ్డలో రెండు రకాలూ కలిసి పెరిగితే దాన్ని కార్సినోసార్కోమా అంటాం. నూరు గాల్ బ్లాడర్ క్యాన్సర్లు చూస్తే ఒకటి కూడా ఉండదు. వైద్య పత్రికల్లో అచ్చయిన కేసులు ప్రపంచం మొత్తం మీద వంద, ఇంకాస్త. పాతికేళ్ల సర్వీసులో నేను చూసినవి రెండే.

‘రెండు క్యాన్సర్లా’ అని అడిగారు. కాదు. ఒక్కటే. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేదేమిటంటే, మొదట గ్రంథి కణంగానే చెడి, అందులో కొన్ని వేషం మార్చి సార్కోమాలా తయారవుతాయని. కొన్ని కేసుల్లో రెండు భాగాల్లోనూ పీ53 జన్యువులో ఒకే మార్పు కనిపించింది. ఒక తల్లి పిల్లలే, నడత వేరు.

ఇక పేరు ఎలా తేలుతుందంటే: మామూలు రంగు వేసిన స్లైడులో ఒకపక్క గ్రంథులు, ఒకపక్క కదురు ఆకారంలో పొడుగాటి కణాలు (అవే స్పిండిల్ కణాలు) కనిపిస్తాయి. ఆ పొడుగాటివి రూపం మారిన కార్సినోమానా, నిజంగా సార్కోమానా అన్నది కంటికి ఆనదు. అందుకు ఐహెచ్‌సీ. సైటోకెరాటిన్ గ్రంథి జాతి కణాల గుర్తు. కదురు కణాల్లో కూడా అది గట్టిగా వెలిగితే, ‘సార్కోమటాయిడ్ కార్సినోమా’ వైపు మొగ్గుతాం. మీ అమ్మగారి స్లైడులో అక్కడ వెలగలేదు. వైమెంటిన్ వెలిగిందంటే ఒక్కదానితోనే ఏమీ తేల్చలేం, అది చాలా కణాల్లో వెలుగుతుంది. పేరుని ఖాయం చేసింది ఆ చివరి మాట, ఆస్టియాయిడ్. అంటే ఎముకకి ముందు దశలో ఉండే పదార్థాన్ని ఆ కణాలు తయారు చేస్తున్నాయి. గాల్ బ్లాడర్‌లో ఎముకకి పనేముంది? అది దొరికాక వాదన తక్కువ.

మూడు బ్లాకుల్లో (పరీక్షకి మైనంలో పోసిన ముక్కల్లో) దొరకనిది పదకొండింటిలో దొరికింది. బస్తాకి గొట్టం గుచ్చి గుప్పెడు బియ్యం తీసి చూడ్డం తెలుసుగా? పైన గుచ్చితే పైన బియ్యమే వస్తాయి. నాలుగు సెంటీమీటర్ల గడ్డకి మూడు గుప్పెళ్లు చాలవు.

డ్యూటీ టైమైంది. సీఏ 19-9 సంగతి సాయంత్రం ఎవరైనా చెప్పకపోతే నేను చెప్తా.

6 | గ్రాసింగ్ బల్ల | మంగళవారం, మధ్యాహ్నం 1.50

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. స్లైడుకింద మేడమ్ చెప్పినదానికి ముందు జరిగే కథ ఒకటుంది. అది మా దగ్గర జరుగుతుంది, ఎవరూ రాయరు.

గాల్ బ్లాడర్ డబ్బాలో వస్తుంది. వచ్చిన డబ్బాల్లో సగం ఇలా ఉంటాయి: చారు గిన్నె అడుగున మిగిలినంత ఫార్మలిన్ (ముక్క పాడవకుండా పోసే ద్రవం), అందులో సంచి ముడుచుకుపోయి గోడకి అంటుకుని. అవయవానికి పది రెట్లు ఫార్మలిన్ పోయాలి. సంచిని కోసి తెరిచి పెట్టాలి, లేకపోతే లోపలున్న పైత్యం లోపలి పొరని తినేస్తుంది. మేం తెరిచేసరికి అక్కడ ఆకుపచ్చ జావ తప్ప పొర ఉండదు. అలాంటి ముక్కకి ఐహెచ్‌సీ చేస్తే రంగు సరిగ్గా పట్టదు. పట్టలేదంటే క్యాన్సర్ గుర్తు లేకనా, ముక్క పాడయ్యా? ఎవరు చెప్పగలరు?

రాళ్ల కోసం ఆపరేషన్ థియేటర్లోనే అడ్డదిడ్డంగా కోసేస్తారు, బయట ఉన్నవాళ్లకి సీసాలో చూపించాలిగా. ఆ కోతలో గోడ ముక్కలైతే, క్యాన్సర్ ఏ పొర దాకా వెళ్లిందో, కాలేయం వైపుందో, రెండో వైపుందో చెప్పడం తలనొప్పి. మీ రిపోర్టులో టీ2బీ అని రాయగలిగారంటే మీ అమ్మగారి ముక్క బాగానే వచ్చిందని అర్థం.

7 | ఓరుగల్లు అక్క | మంగళవారం, మధ్యాహ్నం 3.10

తమ్మీ, నీకు కనీసం బయాప్సీకన్న పంపిన్రు. మా ఆయనకు మూడేండ్ల కింద రాళ్లని తీసిన్రు. ముక్క ఏడికీ పంపలే. అడిగితె ‘రాళ్లే గదమ్మా, దానికెందుకు’ అన్నరు. రాళ్ల సీస మాత్రం ఇచ్చిన్రు. ఏడు నెలలకు కండ్లు పచ్చగైనయ్, కామెర్లని పసరు పోయించినం నాలుగు వారాలు. ఆఖరికి సీటీ తీస్తె కాలేయంల మొత్తం. అప్పుడు పెద్ద దవాఖాన్ల మొదటి ఆపరేషన్ బయాప్సీ రిపోర్టేది అని అడిగిన్రు. ఏముంది చూపెట్టనీకి? సీస చూపెట్టిన.

ఆ ముక్క ఉండుంటె ఏ రకమో, ఎంత దూరం పోయిందో తెలుస్తుండె అని ఇప్పటికీ అనిపిస్తది. ఆయన పోయి రెండేండ్లైంది.

8 | కొల్లూరు కుర్రాడు | మంగళవారం, సాయంత్రం 4.00

అక్కా, ఏం రాయాలో తెలీట్లేదు.

9 | రక్తనిధి | మంగళవారం, సాయంత్రం 6.35

డల్లాస్ బాబాయ్ గారికి. సీఏ 19-9 నార్మల్ అయితే క్యాన్సర్ లేదనుకోవడానికి వీల్లేదండీ. ఒకటి, ఆ పరీక్ష చేసింది గడ్డ తీసేశాక. రెండు, ఏబీఓ లాగే లూయిస్ అని ఇంకో రక్త గ్రూపు ఉంది. సీఏ 19-9 అనేది ఆ లూయిస్ చక్కెర మీద తయారయ్యే పదార్థం. నూటికి అయిదు నుంచి పదిమందికి ఆ గ్రూపు అసలుండదు. వాళ్లకి క్యాన్సర్ ఎంత పెరిగినా ఈ అంకె పెరగదు. ఇంకోవైపు, రాయి అడ్డుపడి కామెర్లొస్తే క్యాన్సర్ లేకుండానే వందల్లోకి పోతుంది. రెండు వైపులా మోసం చేసే పరీక్ష ఇది.

ఇక్కడో చిత్రం. ఏబీఓ గ్రూపులు కనిపెట్టి 1930లో నోబెల్ తీసుకున్న కార్ల్ లాండ్‌స్టైనర్ వియన్నాలో శవపరీక్షలు చేసే పాథాలజిస్టుగా ఏళ్లు పనిచేశాడు. గాల్ బ్లాడర్‌లో ఈ కార్సినోసార్కోమాని మొదట వర్ణించిందీ ఆయనేనని చెప్తారు, 1907లో. బ్లడ్ బ్యాంకులో ఆయన పటం కింద కూర్చుని ఇరవయ్యేళ్లు పనిచేశా, ఈ సంగతి ఈ మధ్యే తెలిసింది.

10 | డల్లాస్ బాబాయ్ | మంగళవారం, సాయంత్రం 6.50

తెలీక అన్నాను, వెనక్కి తీసుకుంటున్నా. తమ్ముడూ, నా మాట పట్టుకుని ఆలస్యం చేయకు.

11 | ప్రకృతి బాట | మంగళవారం, రాత్రి 8.05

ఆపరేషన్లన్నీ వ్యాపారం. అర గ్లాసు ఆలివ్ నూనె, అర గ్లాసు నిమ్మరసం రాత్రి తాగి పడుకుంటే తెల్లారేసరికి రాళ్లన్నీ పచ్చగా పడిపోతాయి. గడ్డలు కూడా కరుగుతాయి. నా నంబరు [నిర్వాహకుడు తొలగించారు]

12 | గ్రాసింగ్ బల్ల | మంగళవారం, రాత్రి 8.20

ఆ పచ్చ ఉండలు సబ్బండీ బాబూ. నూనె కడుపులో సబ్బుగా మారి గడ్డకడితే వచ్చేవి. పరీక్ష చేసి చూసిన విషయమే. నిజం రాయి బల్ల మీద వేస్తే టక్ మంటుంది, మీ ఉండలు ఎండలో పెడితే కరుగుతాయి.

13 | నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 8.22

ప్రకృతి బాట గారూ, ఇంకోసారి నంబరు పెడితే ఖాతా ఆపేస్తాను.

14 | చీకటి గది | మంగళవారం, రాత్రి 9.15

రేడియాలజీ వాణ్ణి. ‘గడ్డకట్టిన బురద’ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. మా వృత్తిలో పాత పొరపాటు ఇది, నేనూ చేశాను.

గాల్ బ్లాడర్ నిండా రాళ్లుంటే వాటి నీడ వెనకంతా నల్లగా పడుతుంది. ఆ నీడలో ఏమున్నా కనపడదు. నీడ పడనిచోట బూడిదరంగు ముద్ద ఉంటే అది చిక్కటి పైత్యం కావచ్చు, గడ్డ కావచ్చు. తేడా తెలియాలంటే రోగిని పక్కకి తిప్పాలి. ‘ఎడమ పక్కకి తిరగమ్మా’ అని ఒక్కమాట. బురదైతే జారుతుంది, కాస్త ఆలస్యంగానైనా జారుతుంది. గడ్డైతే గోడని పట్టుకుని కదలదు. డాప్లర్ పెడితే గడ్డలో రక్తం పారడం కనిపించొచ్చు. అప్పటికీ అనుమానముంటే ఆపరేషన్‌కి ముందే సీటీ. రోజుకి అరవై స్కాన్లు చేసే చోట పక్కకి తిప్పే ఓపిక ఎవరికుంటుంది అంటారా, నిజమే. అయినా ఆ ఒక్కటి మానకూడదు.

కార్సినోసార్కోమా ఎక్కువగా గోడ లోపలికి పెద్ద ముద్దలా పెరుగుతుంది. ఎముక లాంటి పదార్థం చేరితే సీటీలో సున్నపు చుక్కలు కనిపించొచ్చు, దాన్నీ రాయే అనుకునే ప్రమాదముంది. స్కాన్ చూసి ‘ఇది కార్సినోసార్కోమా’ అని ముందే చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. ‘ఇది బురద కాదు, గడ్డ’ అని చెప్పగలిగితే చాలు, ఆపరేషన్ తీరే మారిపోతుంది.

15 | గుంటూరు కారం | మంగళవారం, రాత్రి 9.40

అలాంటప్పుడు ముందే సూదితో ముక్క తీసి చూడొచ్చు కదా? గొంతులో గడ్డకి మా చెల్లికి అలాగే చేశారు.

16 | కుట్టుపని | మంగళవారం, రాత్రి 10.55

సర్జన్ని. ఇప్పుడే థియేటర్ నుంచి వచ్చా.

గుంటూరు కారం గారూ, గాల్ బ్లాడర్ వేరు. తీసేయగలిగే గడ్డ అనిపిస్తే సూది గుచ్చం. పైత్యంలో క్యాన్సర్ కణాలు తేలుతుంటాయి. సూది దారిలోనో పొట్టలోనో చిమ్మితే అక్కడ మొలకెత్తుతాయి. పైగా ఇలాంటి మిశ్రమ గడ్డలో సూదికి చిక్కేది ఒక మూల, గ్రంథుల భాగమో కదురు భాగమో. పేరు ఎలాగూ సగమే వస్తుంది. ఆపరేషన్‌కి వీల్లేనంత పాకిందని తేలితేనే, మందు మొదలుపెట్టడానికి ముక్క తీస్తాం.

కొల్లూరు బాబూ, నువ్వు పేరు దగ్గర ఆగిపోయావు. నాకు నీ రిపోర్టులో కళ్లు పడ్డది టీ2బీ మీద.

గాల్ బ్లాడర్ గోడ పల్చటిది. లోపలి పొర, దాని వెనక సన్నటి కండరం, ఆ వెనక వదులైన పొర. పేగుల్లో ఉన్నట్టు మధ్యలో ఇంకో అడ్డుపొర దీనికి లేదు, అందుకే క్యాన్సర్ తొందరగా దిగుతుంది. క్యాన్సర్ లోపలి పొరలోనే ఉంటే టీ1ఏ, సంచి తీసేస్తే సరిపోతుంది. కండరంలోకి దిగితే టీ1బీ. కండరం దాటి వదులు పొరలోకి వస్తే టీ2. అందులో పొట్ట వైపుంటే ఏ, కాలేయం వైపుంటే బీ. మీ అమ్మగారిది కాలేయం వైపు.

మామూలు రాళ్ల ఆపరేషన్‌లో మేం సంచిని కాలేయం మీంచి ఒలిచేది సరిగ్గా ఆ వదులు పొరలోంచే. బత్తాయి తొన మీద తెల్లటి పీచు ఒలిచినట్టు. అంటే క్యాన్సర్ ఉన్న పొరని సగానికి చీల్చి, ఒక సగం డబ్బాలో వేసి, ఒక సగం కాలేయం మీద వదిలేసి ఉండొచ్చు. అందుకే టీ1బీ నుంచి పైన రెండో ఆపరేషన్ అడుగుతాం: సంచి ఆనుకున్న కాలేయం ముక్క, చుట్టుపక్కల లింఫు గ్రంథులు. గ్రంథులు కనీసం ఆరైనా దొరకాలి, లేకపోతే పాకిందో లేదో చెప్పలేం. దీనికి ముందు ఛాతీ, పొట్ట సీటీ, వీలైతే పెట్ సీటీ. కోసే ముందు చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి పొట్టలో చుక్కలున్నాయేమో చూస్తాం. ఉంటే పెద్ద ఆపరేషన్ వల్ల లాభం లేదు.

మొదటి ఆపరేషన్ అయ్యాక నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య చేస్తే మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాం. నీకు మూడు వారాలు దాటాయనుకుంటా. ఒక ప్రశ్న: మొదటి ఆపరేషన్‌లో సంచి చిరిగి పైత్యం కారిందా? దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి బయటికి తీశారా? ఆపరేషన్ నోట్సు తెచ్చుకో. డిశ్చార్జి కాగితంలో ఈ ముక్క ఉండదు, విడిగా అడగాలి.

17 | కొల్లూరు కుర్రాడు | బుధవారం, ఉదయం 7.30

సార్, 24 రోజులైంది. నోట్సు ఇవ్వమంటే ‘అవసరం లేదు’ అంటున్నారు. ఇంకో సందేహం. రెండు రకాలు కలిసున్నప్పుడు మందులు కూడా రెండు రకాలిస్తారా?

18 | నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 8.10

రాతపూర్వకంగా అడగండి. రోగి గానీ, రోగి తరఫువాళ్లు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. గొడవ పడక్కర్లేదు, కాగితం మీద రాసి రసీదు తీసుకుంటే చాలాచోట్ల ఇచ్చేస్తారు.

19 | స్లైడుకింద | బుధవారం, సాయంత్రం 7.45

బ్లాకులూ స్లైడులూ కూడా అడగండి. బ్లాకు అంటే మైనంలో పోతపోసిన మీ అమ్మగారి ముక్క. వేలి గోరంత ఉంటుంది, ఏళ్ల తరబడి పాడవదు. ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, ఎండలోనూ కారు డాష్‌బోర్డు మీదా మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది. ఒకతను మే నెలలో విజయవాడ నుంచి బైకు డిక్కీలో తెచ్చాడు, ముద్దై వచ్చాయి.

ఇంత అరుదైన పేరు వచ్చినప్పుడు ఇంకో కంటితో చూపించడం మామూలే, మొదటి డాక్టర్లు ఏమీ అనుకోరు. ముంబై టాటా మెమోరియల్‌లో బయటి స్లైడులు చూస్తారు. వాళ్లదే విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎక్కడైనా కాలేయం, పిత్తనాళాల ముక్కలు రోజూ చూసే పాథాలజిస్టు ఉన్నచోటు చూసుకోండి. ఆ రిపోర్టు వచ్చేదాకా సీటీ, సర్జన్ అపాయింట్‌మెంట్ ఆపకండి, మూడూ ఒకేసారి నడవాలి. రెండో ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది టీ2బీ మీద నడుస్తుంది, పేరు అటూ ఇటూ అయినా అది మారదు.

మందుల సంగతి క్యాన్సర్ డాక్టర్ చెప్పాలి గానీ, మా టీమ్ మీటింగుల్లో విన్నది చెప్తాను. పిత్తనాళ, పిత్తాశయ (గాల్ బ్లాడర్) క్యాన్సర్లు పాకినప్పుడు జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ జోడీ 2010లో వచ్చిన బ్రిటన్ ట్రయల్ తర్వాత వాడుక అయింది. కార్సినోసార్కోమాకి విడిగా ట్రయల్ లేదు, అంతమంది రోగులు దొరకరు. ఎక్కువచోట్ల ఇదే జోడీతో మొదలెడతారు, సార్కోమా భాగం ఎక్కువుంటే ఆ మందులు కూడా ఆలోచిస్తారు. అందుకే ఏ భాగం ఎంత శాతం ఉందో రిపోర్టులో రాయమని అడగండి. హెర్2, ఎమ్ఎమ్ఆర్ పరీక్షలు (కొన్ని మందులు పనిచేయొచ్చో లేదో చెప్పేవి) కూడా అదే బ్లాకు మీద అవుతాయి.

ఒక్కటి దాచను. ఈ రకం మొండిది. అచ్చయిన కేసుల్లో చాలామంది నెలలే ఉన్నారు. గోడ దాటకముందే పూర్తిగా తీసేసినవాళ్లలో ఏళ్లు ఉన్నవాళ్లూ ఉన్నారు. మీరు నెట్‌లో చదివిన అంకెల్లో ఈ రెండు రకాలవాళ్లూ కలిసిపోయి ఉంటారు.

20 | కాశీ నుంచి | బుధవారం, రాత్రి 9.00

రైల్వేలో ఉద్యోగం, పదకొండేళ్లుగా బనారస్‌లో ఉంటున్నా. గాల్ బ్లాడర్ క్యాన్సర్ మన తెలుగు నేల మీద తక్కువేగానీ ఈ గంగ ఒడ్డున ఉత్తరప్రదేశ్, బీహార్ పొడుగునా చాలా ఎక్కువ, ఆడవాళ్లలో మరీ. ఇక్కడ మా కాలనీలో ఆడవాళ్లకి రాళ్లని తీస్తే ‘బయాప్సీ కో భేజా?’ (బయాప్సీకి పంపారా?) అని పక్కింటివాళ్లే అడుగుతారు. మన వైపు ఆ అలవాటు లేదు. మా అత్తగారికి రాజమండ్రిలో తీసినప్పుడు నేను ఫోన్‌లో అడిగితే ‘అల్లుడికి అనుమానం జబ్బు’ అన్నారు.

21 | ఓరుగల్లు అక్క | బుధవారం, రాత్రి 9.25

అనుమానం జబ్బే మంచిది.

తమ్మీ, అమ్మకు చెప్పలేనన్నవ్. మేం కూడ ఆయనకు చెప్పలే, ‘కామెర్లు ముదిరినయ్’ అన్నం. ఆయనకు అంత తెలుసు, మేం బాధపడతమని ఆయన చెప్పలే. ఇద్దరం దొంగల్లెక్క తిరిగినం ఇంట్ల. రెండో ఆపరేషన్కు సంతకం అమ్మనే జెయ్యాలె గద, ముందుగాల్నే చెప్పు. క్యాన్సర్ అన్న మాట నువ్వనకుంటే అక్కడ వార్డుబాయ్ అంటడు.

22 | కొల్లూరు కుర్రాడు | శనివారం, రాత్రి 10.10

చెప్పాను అక్కా. వంటింట్లో చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. ‘తీసిన దాంట్లో క్యాన్సర్ ఉందంట, మళ్లీ కొయ్యాలంట’ అన్నా. చెయ్యి ఆపలేదు. ‘మొదటిసారి సగం తీసి వదిలేశాడా వాడు’ అంది. కుట్టుపని సార్ చెప్పిన బత్తాయి పీచు సంగతి చెప్తే అర్థమైంది. ‘పుస్తెలు తాకట్టు పెట్టకు, పొలం కాగితాలు పెట్టు’ అంది, అంతే.

నోట్సు దొరికింది. పైత్యం కారలేదు, ప్లాస్టిక్ సంచిలో పెట్టే తీశారని ఉంది. పదకొండు బ్లాకులూ ఇచ్చారు. దూదిలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టి రైల్లో తీసుకెళ్లా.

23 | కుట్టుపని | శనివారం, రాత్రి 10.30

కారలేదంటే పెద్ద ఊరట. సీటీ ఎలా ఉంది?

24 | కొల్లూరు కుర్రాడు | శనివారం, రాత్రి 10.34

సీటీలో కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. కాలేయం గాటు దగ్గర ఒక లింఫు గ్రంథి కొంచెం పెద్దదిగా ఉంది, అది ఆపరేషన్ వాపో, ఇంకోటో తెలీదన్నారు. కొత్తచోట సర్జన్ మొదటి ఆపరేషన్ నుంచి ఏడో వారంలో తేదీ ఇచ్చారు.

25 | స్లైడుకింద | ఆదివారం, ఉదయం 6.40

స్లైడులు చూసినవాళ్లు ఏమన్నారో వచ్చాక రాయండి. పేరు మారినా రాయండి.

26 | కొల్లూరు కుర్రాడు | మూడు వారాల తర్వాత, గురువారం, సాయంత్రం 5.20

పేరు మారలేదు మేడమ్. కార్సినోసార్కోమాయే. కార్సినోమా అరవై శాతం, సార్కోమా నలభై అని రాశారు. హెర్2 నెగెటివ్.

మొన్న సోమవారం రెండో ఆపరేషన్ అయింది. కెమెరా పెట్టి చూస్తే పొట్టలో చుక్కలేమీ లేవు, అందుకని కొనసాగించారు. ఆరు గంటలు పట్టింది. కాలేయం ముక్క, గ్రంథులు తీశారు. నిన్న లేచి నడిచింది. వార్డులో పక్క మంచం ఆవిడకి రాళ్లని చేర్చారు. ‘తీశాక ముక్క ఎక్కడికి పంపుతారో అడుగు’ అని అమ్మే ఆవిడ కొడుక్కి చెప్తోంది.

బయాప్సీకి పది రోజులు పడుతుందన్నారు. గ్రంథుల్లో ఏముందో తెలిశాక మందులు మొదలెడతారట.

27 | గ్రాసింగ్ బల్ల | గురువారం, సాయంత్రం 5.45

డబ్బా చూశావా తమ్ముడూ? ఫార్మలిన్ ఎంత పోశారు?

28 | కొల్లూరు కుర్రాడు | గురువారం, సాయంత్రం 5.52

చూపించమని అడిగి మరీ చూశా అన్నా. మూత దాకా పోశారు.